నెత్తి తెరిచిన సుందరులు

అది అర్ధరాత్రి కాదు... అమావాస్య అంతకన్నా కాదు! మధ్యాహ్నం తిన్న పళ్ళేలు ఇంకా తొట్టిలోనే నానుతున్న వేళ. అయినా సరే, ఇండియానా మొక్కజొన్న పొలాల మీద పట్టపగలు కాళరాత్రి దిగింది! సూర్యుణ్ణి ఎవరో పీక నులిమి మబ్బుల వెనక్కి ఈడ్చుకుపోయినట్టుంది. ఆ చీకటి నల్లగా లేదు... పచ్చగా ఉంది. చీము పట్టిన పుండు అంచున కనబడే వికృతమైన పచ్చదనం! దిక్కులు కంపించేలా ఉరిమింది. ఆ వెంటనే గాలి పూర్తిగా స్తంభించిపోయింది. రహదారి పక్కనున్న పాతసామాను బజారు రేకుల కప్పు మీద, ఎక్కడి నుంచి వచ్చిందో ఏమో, ఒక గుడ్లగూబ వాలి కూయడం మొదలుపెట్టింది!

అది కూసిన ప్రతిసారీ డార్లీన్ గుండె ఒక మెట్టు కిందికి జారుతోంది.

"ఆ పక్షిని ఎవరైనా తోలెయ్యండర్రా!" అంది, తన బల్ల మీది టీ కప్పులను ఊరికే అటూ ఇటూ జరుపుతూ.

"తోలితే వచ్చి నీ నెత్తి మీద కూర్చుంటుంది. అప్పుడేం చేస్తావ్?" పక్క బల్ల దగ్గర కూర్చున్న బెర్నీస్ మొక్కజొన్న పేలాలు నములుతూ నవ్వింది. ఆవిడ ఈ బజారుకు పెద్దదిక్కు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ.

"మార్లిస్ పొద్దున అనగా వెళ్ళిందే. ఇంకా ఫోను చెయ్యలేదు," అంది డార్లీన్, కూతురి కోసం దారి వైపు చూస్తూ.

"అదేం పసిపిల్లా? ఇరవై దాటిన మనిషి! ఇంకా దాని ముక్కు నువ్వే తుడుస్తావా? మొన్న నా కాఫీలో ఎలకలమందు వాసన వస్తోందన్నావు. అంతకు ముందు చర్చిలో దూలం కదులుతోందని పాట మధ్యలో బయటికి పరిగెత్తావు. నీ భయాలన్నీ తెచ్చి ఈ బల్ల మీద పరుచు, అమ్మిపెడతాను. జపాన్ కప్పుల కంటే బాగా పోతాయి!"

అటు పక్కనున్న బల్లల వాళ్ళు కూడా గొల్లున నవ్వారు. డార్లీన్ నవ్వలేకపోయింది. ధాన్యం గాదె కూలి భర్త దాని కింద పడి పోయిన నాటి నుంచి ఆమె అంతే. తలుపు చప్పుడైతే చావు కబురనుకుంటుంది. పిల్ల దగ్గితే క్షయ అనుకుంటుంది. ఆమె భయపడ్డవేవీ ఇంతవరకూ నిజం కాలేదు. అందుకే అందరూ ఆమె మాట వినడం మానేశారు.

ఈసారి మాత్రం ఆ భయానికి ఒక ముఖముంది... ఒక పేరుంది!

లూథర్ పెటింగిల్!

చిత్తడి నేలకు ఆవల, చెట్టన్నది మొలవని దిబ్బ మీద ఒంటిగా నిలబడిన ఇల్లు అతడిది. ఒకప్పుడు జపాన్ నుంచి ఓడల మీద పింగాణీ సామాను తెప్పించిన వ్యాపారి. ఊళ్ళో పూల దుకాణాలన్నిటికీ తలకుండీలు అమ్మింది అతడే. అవి పింగాణీ ఆడతలలు. వాలిన రెప్పలు, నల్లటి పొడవాటి కనురెప్పల వెంట్రుకలు, చెవులకు ముత్యాలు, చెంపకు ఆనించిన చెయ్యి... నడినెత్తిన మాత్రం పెద్ద చిల్లు! ఆ చిల్లులో పూలు గుచ్చి పురిటి మంచాల దగ్గరికీ, శవపేటికల దగ్గరికీ పంపేవారు. పూలు వాడిపోయాక తలలు మిగిలేవి. అలా మిగిలిన తలలను వెతికి వెతికి పోగుచేసే పిచ్చి ఇప్పుడు దేశమంతా పట్టుకుంది. మార్లిస్‌కు అందరికంటే ఎక్కువ పట్టుకుంది.

"మా అమ్మ పెళ్ళికి పూలు ఆయన తలకుండీల్లోనే వచ్చాయట. అప్పుడూ ఇలాగే నల్లటి జుట్టుతో ఉండేవాడట. ఏం సబ్బు వాడతాడో కనుక్కోవాలి!" అని బెర్నీస్ ఒకసారి నవ్వుతూ అంది. ఆ మాట విన్న రాత్రి డార్లీన్‌కు నిద్ర లేదు.

వసంతం మొదట్లో ఆ పెటింగిల్ స్వయంగా బజారుకు వచ్చాడు. మార్లిస్ ముందు మంచు తెలుపు తలకుండీ ఒకటి ఉంచాడు. తలకు ఆకుపచ్చ టోపీ, రంగు వెలిసిన పెదవులు. "మీ అమ్మాయి కళ్ళకు సరుకు విలువ తెలుసండీ. ఇది దగ్గర పెట్టుకోమనండి. తలగడ పక్కన ఉంచుకుంటే చాలు," అన్నాడు డార్లీన్‌తో ఎంతో మర్యాదగా. అతడి గొంతు తేనెలా ఉంది. ఆ తేనె అడుగున ఏదో చచ్చి పడి ఉంది!

ఆ రాత్రి నుంచి మొదలైంది ఘోరం.

మార్లిస్ బుగ్గల్లో రక్తం ఇంకిపోసాగింది. తలకుండీ బుగ్గలకు రంగు రాసాగింది! మార్లిస్ ముక్కు కొద్దిగా ఎడమ వైపుకు వంకర. చిన్నప్పుడు ఉయ్యాల మీద నుంచి పడిన గుర్తు. ఒక ఉదయం పక్క దులుపుతూ డార్లీన్ చూసింది... పింగాణీ ముక్కు ఎడమ వైపుకు తిరిగి ఉంది! కొలిమిలో కాలి గట్టిపడిన మట్టి, మైనంలా మెత్తబడి, తన కూతురి రూపం ధరిస్తోంది!

"అమ్మా, నీకు పిచ్చెక్కింది. అది మొదటి నుంచీ అలాగే ఉంది," అంది మార్లిస్ నీరసంగా.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర, మాంసం ముక్క ఫోర్కుకు గుచ్చిన పిల్ల గుచ్చినట్టే బిగుసుకుపోయింది. రెప్పలు సగం వాలాయి. కుడి చెయ్యి మెల్లగా లేచి చెంపకు ఆనింది. అచ్చం తలకుండీ భంగిమ! పిలిస్తే పలకదు, గిల్లితే కదలదు. పెదవులు మాత్రం విచ్చుకున్నాయి. లోపలి నుంచి మార్లిస్ గొంతు కాదు... పదిమంది ఆడవాళ్ళ గొంతులు కలగలిసిన ఏడుపు!

"నెత్తి... నెత్తి మూసేశాడు... ఊపిరాడడం లేదు..."

డార్లీన్ వెర్రి కేక పెట్టింది. పడగ్గదిలోకి ఉరికింది. ఆ పాడు తలను పెళ్ళున నేలకు కొట్టాలని రెండు చేతులా ఎత్తింది. వెనక నుంచి మార్లిస్ వచ్చి పడింది! ఆడపులిలా తల్లి గొంతు పట్టుకుంది. గోళ్ళు మెడలో దిగాయి. డార్లీన్ కళ్ళు తేలేసింది. ఆ పెనుగులాటలో తలకుండీ టోపీ మంచపు కోడుకు తగిలి, అంచున చిన్న పెచ్చు ఎగిరిపోయింది.

అంతే...!

మార్లిస్ పట్టు వదిలేసింది. రెండు చేతులతో తల పట్టుకుని నేల మీద దొర్లింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చిమ్మింది! డార్లీన్ జుట్టు పాయలు తీసి చూస్తే, పింగాణీ పెచ్చు ఊడిన చోటే, అదే ఆకారంలో కూతురి నెత్తి చర్మం ఊడిపోయి ఉంది.

ఆ క్షణాన తల్లికి అర్థమైంది. ఈ మట్టి తల పగిలితే తన బిడ్డ తల పగులుతుంది. పగలగొట్టడానికి లేదు... పారెయ్యడానికి లేదు... ఇంట్లో పాము ఉందని తెలిసీ దానికి పాలుపోసి కాపలా కాయాల్సిన దుర్గతి!

డాక్టరు రక్తం తక్కువన్నాడు. పాదిరి ప్రార్థించమన్నాడు. బెర్నీస్ పెళ్ళి చెయ్యమంది. ఇదిగో, ఈ పొద్దున డార్లీన్ స్నానానికి వెళ్ళిన సందు చూసుకుని, పెటింగిల్ కారు వచ్చి ఆగింది. మార్లిస్ తలకుండీని ఒళ్ళో పెట్టుకుని అందులో ఎక్కి వెళ్ళిపోయింది. "ఆయన కూడబెట్టిన తలలు చూడ్డానికి వెళ్తున్నాను" అని వంటింటి పలక మీద రాసి ఉంది. తిరిగొచ్చేటప్పుడు పిల్ల బజారు దగ్గరే ఆగుతుందన్న ఆశతో, డార్లీన్ ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి ఇక్కడ ఎదురు చూస్తోంది.

బజారు గోడకున్న ఫోను గణగణా మోగింది!

బెర్నీస్ ఎత్తి, "నీకే," అంటూ అందించింది.

"మార్లిస్! తల్లీ! ఎక్కడున్నావే?"

అవతల చాలాసేపు ఊపిరి చప్పుడు. తర్వాత బావి అడుగు నుంచి వచ్చినట్టు... "అమ్మా... నా నెత్తి చల్లగా ఉందమ్మా... గాలి లోపలికి పోతోంది..."

"ఎవరే నిన్ను... మార్లిస్! మార్లిస్!"

"కంగారు పడకండి," అంది ఆ తేనె గొంతు. "మీ అమ్మాయి ఇక ఎక్కడికీ వెళ్ళదు. జలుబు చెయ్యదు. ముసలిదైపోదు. ఏ గాదే ఆమె మీద కూలదు. మీ భయాలన్నీ ఇవాళ్టితో తీరిపోతాయండీ!"

ఫోను మూగబోయింది. డార్లీన్ ముఖం చూసిన బెర్నీస్ చేతిలోంచి పేలాల పొట్లం జారిపోయింది. సరిగ్గా అప్పుడే ఊరి సైరన్ ఊళ పెట్టడం మొదలైంది. సుడిగాలి వస్తోందని హెచ్చరిక! జనం బల్లల కిందికీ, నేలమాళిగలోకీ పరుగులు తీశారు.

"ఎక్కడికే! చచ్చిపోతావ్!" బెర్నీస్ అరిచింది.

"షెరీఫ్‌కి చెప్పు! పెటింగిల్ ఇల్లు!" డార్లీన్ అప్పటికే కారు తలుపు లాగుతోంది.

ఉరుము విన్నా మంచం కిందికి దూరే మనిషి, సుడిగాలికి ఎదురు వెళ్ళింది!

వడగళ్ళు గుడ్లంత లావున పడుతున్నాయి. అద్దం పగిలి ముక్కలు ఒళ్ళో రాలాయి. నొసటి మీద నుంచి నెత్తురు కారి ఎడమ కన్ను మూసుకుపోయింది. ఆకాశం కడుపులోంచి నల్లటి తొండమొకటి దిగి, భూమిని వాసన చూస్తూ కదులుతోంది. ఆమె దాని వంక చూడలేదు. ఆమె పెదవులు ఒకే మాట జపిస్తున్నాయి... "వస్తున్నా తల్లీ... వస్తున్నా..."

పెటింగిల్ ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. రమ్మని పిలుస్తున్నట్టు!

లోపల అడుగు పెట్టగానే పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుగు గోడలా, నేల నుంచి కప్పు దాకా, అరల నిండా తలలు! వందల తలలు! ఎక్కడో సముద్రాల అవతల కుంచె పట్టిన అమ్మాయిలు అన్ని తలలకూ ఒకే ముఖం దిద్ది పంపి ఉంటారు. ఇక్కడున్న ముఖాల్లో ఏ రెండూ ఒకటిగా లేవు. ఒకదానికి మశూచి మచ్చలు. ఒకదానికి చెవి కింద పుట్టుమచ్చ. ఒకదానికి నవ్వితే పడే సొట్ట. ఒకదాని నుదుట వయసు గీసిన గీతలు. ఒక్కొక్కటీ ఎవరో కన్న బిడ్డ! ప్రతి నెత్తి చిల్లునూ నల్లటి మైనంతో మూసేసి ఉంది.

మెరుపు మెరిసింది. వందల జతల కనురెప్పల వెంట్రుకలు ఒక్కసారిగా వణికాయి! వందల జతల కళ్ళు... నేలమాళిగ మెట్ల వైపు తిరిగాయి!

డార్లీన్ కేక నోట్లోనే కుక్కుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

కింద... ఎముకల బూడిదతో గీసిన పెద్ద వలయం. వలయం మధ్య పొయ్యి. పొయ్యి మీద పాత్రకు బదులు ఒక మానవ కపాలం! పైచిప్ప రంపంతో కోసి తీసేసిన ఆ కపాలంలో నల్లటి మైనం కుతకుత ఉడుకుతోంది. కుర్చీలో మార్లిస్! రెప్పలు వాలి, చెయ్యి చెంపకు ఆని, నడినెత్తి జుట్టు గొరిగి... అక్కడ బ్రహ్మరంధ్రం దగ్గర కత్తి గాటు! ఆ గాటులోంచి సన్నని వెలుగు పాలధారలా పైకి లేచి, వంపు తిరిగి, ఎదురుగా ఉన్న తలకుండీ నెత్తిలోకి బొట్లు బొట్లుగా దిగుతోంది.

పెటింగిల్ దాన్ని రెండు అరచేతుల మధ్య నిటారుగా పట్టుకుని ఉన్నాడు. అంచుల దాకా నిండిన పాలగిన్నెను మోస్తున్నవాడిలా, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ...

"వచ్చారా?" అన్నాడు తల తిప్పకుండా. "కూర్చోండి. ఇంకా నాలుగు బొట్లే. మైనం పోసేస్తే పనైపోతుంది."

"ఒరేయ్ రాక్షసుడా! నా బిడ్డను వదలరా!"

డార్లీన్ వలయం మీదికి దూకింది. బూడిద గీత తగలగానే నిప్పుల్లో కాలు పెట్టినట్టయింది! చెప్పులు కాలిపోయి అరికాళ్ళు చిటపటలాడాయి. కనబడని చెయ్యి ఒకటి ఆమెను ఎత్తి గోడకేసి కొట్టింది. పక్కటెముక ఫట్‌మని విరిగింది. నోట్లో ఉప్పగా నెత్తురు. లేచింది. మళ్ళీ దూకింది. మళ్ళీ విసిరికొట్టింది ఆ శక్తి! ఈసారి భుజం కీలు తప్పింది.

పెటింగిల్ నవ్వాడు. "పైనున్న వాళ్ళ అమ్మలెవరూ ఇంత దూరం రాలేదు. ఒకావిడైతే కూతురు సినిమాల కోసం లేచిపోయిందని ఊరంతా చెప్పుకుంది. ఈ కపాలం ఎవరిదో తెలుసా? నా పెళ్ళాం ఇర్మాది. మొదటి తల ఆమెదే. నా వయసు ఆమె మోసినన్నాళ్ళూ నాకు ముసలితనం లేదు. మీ పిల్ల నాకు ఇంకో పదేళ్ళు ఇస్తుంది. అంతే కదండీ... పదేళ్ళకు అంత రాద్ధాంతమా?"

మార్లిస్ పెదవులు కదిలాయి. అదే కలగలిసిన ఏడుపు... "పగలగొట్టకు... పగలగొట్టకు... చచ్చిపోతుంది..."

పగలగొట్టకూడదు. నిజమే. మరి ఏం చెయ్యాలి? డార్లీన్ చూపు అతడి చేతుల మీద నిలిచిపోయింది. ఎందుకంత జాగ్రత్త? ఎందుకా తల వెంట్రుకవాసి కూడా వంగనివ్వడం లేదు?

ఒలికిపోతుందని!

మైనంతో మూసేదాకా... అది ఒలికిపోవచ్చు!

బజారులో కూర్చున్న ఇన్నేళ్ళలో ఆమెకు సామాను గురించి పెద్దగా ఏమీ పట్టలేదు. ఒక్కటి మాత్రం రోజూ చూసి గుండెలు బాదుకునేది. ఈ సేకరించే పిచ్చివాళ్ళు వస్తువు చేతికి రాగానే ముఖం చూడరు, రంగు చూడరు. గభాలున తిరగేసి అడుగు చూస్తారు! జపాన్ ముద్ర ఉందా, కాగితం చీటీ ఉందా, అది అసలుదా నకిలీదా... పాలు పోసి ఇచ్చిన కప్పునైనా తిరగేసి ఒంటి మీద పోసుకునే రకాలు. వాళ్ళ చేతులు బుర్ర చెప్పేదాకా ఆగవు.

ఆమె గోడకు జారబడింది. నెత్తురు ఉమ్మింది. బెర్నీస్ నవ్వే ఆ దాష్టీకపు నవ్వును ఎలాగో తెచ్చుకుని... నవ్వింది!

"ఎందుకు నవ్వుతున్నావ్?" మర్యాద జారిపోయింది అతడి గొంతులోంచి.

"నవ్వక? ఇంత పెద్ద వ్యాపారివి... నీ జపాన్ పెట్టెలు ఎప్పుడో ఖాళీ అయిపోయాయిగా. ఈ తల ఎక్కడ కొన్నావయ్యా?"

"నీకెందుకు?"

"ఆకుపచ్చ టోపీది! మా బెర్నీస్ మొదటి రోజే చూసి పడీపడీ నవ్వింది. అది జపాన్‌ది కాదట! మొన్న మొన్న పోత పోసిన నకిలీ సరుకట! అడుగున చీటీ కొత్తగా అంటించి నీకు అంటగట్టారట! ఆయన కూడా మోసపోయాడే డార్లీన్ అని బజారంతా..."

"అబద్ధం!"

"జిగురు ఇంకా తడిగానే ఉందట!"

పెటింగిల్ ముఖం జేవురించింది. ఇన్నేళ్ళుగా ఎన్ని వేల తలలు ఆ చేతుల్లోకి వచ్చాయో, అన్నిసార్లూ ఏం చేశాయో, ఆ చేతులు ఇప్పుడూ అదే చేశాయి. బుర్ర వద్దనేలోపే... మణికట్లు గిర్రున తిరిగాయి! అతడి కళ్ళు అడుగున ఉన్న బంగారు చీటీని చదువుతున్నాయి. చీటీ అసలైనదే! తల... తలకిందులుగా ఉంది!

"ఆ...!"

అతడి నోటి నుంచి వచ్చిన కేక సగంలోనే తెగిపోయింది.

తలకుండీ నెత్తిలోంచి భళ్ళున వెలుగు ఒలికింది! చనుబాలలాంటి వెచ్చని వెలుగు! నేల మీద పడి, బూడిద గీతను కడిగేసుకుంటూ, ఆకలేసిన పసిపిల్ల అమ్మ దగ్గరికి పాకినట్టు గబగబా మార్లిస్ పాదాల దగ్గరికి పాకి, ఒళ్ళంతా ఎగబాకి, నెత్తి గాటులోకి జారిపోయింది. మార్లిస్ ఛాతీ ఎగసింది. మునిగి తేలిన మనిషిలా గాలి పీల్చి, కుర్చీలోంచి దొర్లి పడిపోయింది. డార్లీన్ విరిగిన ఎముకలతో పాకి వెళ్ళి బిడ్డ మీద బోర్లా పడుకుంది.

పెటింగిల్ చేతిలోని తల ఇప్పుడు ఎవరి పోలికా లేని ఉత్త పింగాణీ. దాన్ని విసిరికొట్టి కత్తి ఎత్తాడు. "ఇద్దర్నీ... ఇద్దరి నెత్తులూ తెరుస్తాను!"

వలయం చెరిగిపోయిందన్న సంగతి అతడు గమనించలేదు.

పొయ్యి మీది కపాలం గమనించింది!

దాని దవడలు కటకటమన్నాయి. ఉడుకుతున్న మైనం ఎగిసి అతడి ముఖాన చిమ్మింది. చర్మం కాలిన కంపు! అతడు గావుకేక పెట్టి రెండు చేతులా ముఖం కప్పుకున్నాడు. అదే క్షణాన, రైళ్ళు వంద ఒకేసారి నెత్తి మీద నుంచి పోతున్నంత హోరుతో సుడిగాలి ఆ ఇంటి మీద కూర్చుంది. పైకప్పు పెళపెళా ఊడిపోయింది. పైన అరలన్నీ ఒరిగాయి. వందల తలలు... పింగాణీ వాన... ఫెళ్! ఫెళ్! ఫెళ్!

ఏళ్ళ తరబడి బిగబట్టిన ఊపిరులన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి!

వాళ్ళు మెట్లు దిగి వచ్చారు. డార్లీన్ కూతురి తల తన గుండెకు అదుముకుని, ఒక్క కంటితో చూసింది. పాలిపోయిన ఆకారాలు... మశూచి మచ్చల పిల్ల, పుట్టుమచ్చ పిల్ల, సొట్ట బుగ్గల పిల్ల... ఎవరి నెత్తి మీదా మైనం లేదు. ముందు నడుస్తున్న నడివయసు ఆడమనిషికి తలే లేదు. ఆమె పొయ్యి దగ్గర వంగి కపాలాన్ని తీసి, టోపీ పెట్టుకున్నంత తీరిగ్గా మెడ మీద పెట్టుకుంది.

"ఇర్మా... వద్దే... ఇర్మా, నేనే... నీ లూథర్‌నే..."

ఒక్కొక్కరూ వచ్చి, అతణ్ణి ఒక్కొక్క వేలితో తాకారు. అంతే! తాకిన చోటల్లా చర్మం తెల్లబడి, నున్నబడి, మెరుగెక్కింది. చేతులు పింగాణీ అయ్యాయి. ఛాతీ పింగాణీ అయ్యింది. రెప్పలు సగం వాలి అక్కడే బిగుసుకున్నాయి. వాటి వెనక కళ్ళు మాత్రం ప్రాణంతో గిలగిల కొట్టుకుంటున్నాయి! ఒంటి నిండా సన్నని పగుళ్ళు సాలెగూడులా పాకాయి. ఇర్మా అతడి కాళ్ళు పట్టుకుంది. అతడు రోజూ చేసే పనే చేసింది. తిరగేసింది! అరికాళ్ళు చూసింది.

ఏ ముద్రా లేదు. ఏ దేశమూ తనదని చెప్పుకోని సరుకు!

వదిలేసింది.

నెత్తి నేలకు తగిలి లూథర్ పెటింగిల్ వెయ్యి పెంకులయ్యాడు! లోపల నెత్తురు లేదు, ఎముక లేదు. ఓడల్లో సామాను పగలకుండా కూరే ఎండుగడ్డి గుప్పెడు... అంతే ఉంది. సుడిగాలి చుట్టుకుని వచ్చి ఆ గడ్డిని, ఆ పెంకులను, ఆ పొయ్యిని ఊడ్చుకుపోయింది. ఆడవాళ్ళు ఆ గాలిలోనే ఒకరి వెంట ఒకరు పైకి వెళ్ళిపోయారు. చివరగా వెళ్ళిన పిల్ల వెనక్కి తిరిగి, మార్లిస్ మీద పడుకుని ఉన్న తల్లిని చాలాసేపు చూసింది. తనకోసం రాని అమ్మ గుర్తొచ్చిందో ఏమో.

హోరు తగ్గింది. కప్పు లేని నేలమాళిగలోకి ఎండ నిటారుగా దిగింది.

"ఒసేయ్ డార్లీన్! బతికున్నావంటే నన్ను ఒక తిట్టు తిట్టవే! ఒక్క తిట్టు!" పైన ఇటుకల గుట్ట మీద నిలబడి బెర్నీస్ ఏడుస్తూ అరుస్తోంది. ఆమె వెనక షెరీఫ్ మనుషులు దూలాలు లాగుతున్నారు.

డార్లీన్‌కు ఆ అరుపు చెవికి ఎక్కలేదు. ఆమె చెయ్యి కూతురి నెత్తి మీద ఉంది. గాటు మూసుకుంది. నెత్తురు ఆగింది. కానీ దాని కింద ఎముక లేదు! పురిట్లో మొదటిసారి ఒళ్ళోకి తీసుకున్నప్పుడు వేలికి తగిలిన మాడు... అదే మెత్తదనం! ఇరవై దాటిన పిల్ల నడినెత్తిన, అప్పుడే పుట్టిన బిడ్డ మాడులా లేచి పడుతూ, లేచి పడుతూ...

ఒక వేలు గట్టిగా తగిలినా చాలు. ఒక వడగల్లు పడినా చాలు. రేపు ఎండ తగులుతుంది, ఎల్లుండి గాలి తగులుతుంది. ఇది ఎప్పటికి పూడుతుంది? అసలు పూడుతుందా?

ఈ భయాన్ని చూసి నవ్వేవాళ్ళు ఇక ఎవరూ లేరు.

మార్లిస్ కళ్ళు తెరిచింది. రెప్పలు పూర్తిగా లేచాయి. నిజమైన కళ్ళు. నీళ్ళున్న కళ్ళు.

"అమ్మా..."

"ఏంటి తల్లీ? ఎక్కడ నొప్పి? నీళ్ళు కావాలా?"

"చెయ్యి తియ్యకు."

"తియ్యను," అంది డార్లీన్.

వాళ్ళిద్దర్నీ పైకి తీసేటప్పుడు, షెరీఫ్ మనిషి చెయ్యి అందించి, "రెండు చేతులతో నన్ను పట్టుకోండమ్మా, ఎముకలు విరిగి ఉన్నాయి, జారిపోతారు," అన్నాడు. కీలు తప్పిన చేతినే అతడికి అందించి, డార్లీన్ పళ్ళు బిగబట్టి మెట్లు ఎక్కింది.